ముందు సీటు జరగలేదు

మా అన్న పొడుగు, నేను పొట్టి. ఒకే తల్లికి పుట్టిన వాళ్లమే. కొలిచి పంపేటప్పుడు మాత్రం పైవాడు ఆయనకు రాశి పోసి కొలిచాడు, నాకు తలకొట్టి కొలిచాడు. అంగట్లో పెరిగిన వాణ్ని కాబట్టి కొలతలో జరిగిన ఈ అన్యాయం నాకు చిన్నప్పుడే అర్థమైంది. అయినా దానివల్ల ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. మోటారు కారు కొన్నాకే వచ్చింది.

కోవిల్‌పట్టిలో మాది నూనె, తెలగపిండి, పత్తిగింజల అంగడి. పత్తి సీజను వస్తే అన్న పుదూరు వైపు నల్లరేగడి పల్లెలన్నీ తిరిగి సరుకు మాట్లాడి రావాలి. నేను విరుదునగరం పోయి అక్కడి మండీల్లో బేరాలు తెంపుకుని రావాలి. ఊరి పేరు మారి ఎన్నేళ్లయినా మా నాయన దాన్ని విరుదుపట్టి అనే అనేవాడు. పాత పేరు వదులుకుంటే ఎవరో మోసం చేసి తీసుకుపోతారన్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. అన్నకు ఎద్దులబండి, నాకు రైలు. ఆయన దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు, నేను బొగ్గు కొట్టుకుని వచ్చేవాణ్ని.

అలాంటి రోజుల్లో మదురలో ఒక వకీలుగారు తన కారు అమ్ముతున్నారని తెలిసింది. బేరానికి నేనే పోయాను. ఆ పని ఇంట్లో ఇంకెవరికీ ఇచ్చేవాళ్లు కాదు. వకీలుగారు కోర్టులో ఎంత గొప్పవారో నాకు తెలియదు గానీ, తన ఇంటి వసారాలో నా ముందు నిలవలేకపోయారు. చివరకు ఆయన "సరేనయ్యా, తీసుకుపో" అని తాళంచెవి చేతిలో పెట్టిన తరువాత నేను కదలకుండా కూర్చున్నాను.

"ఇంకేమిటి?" అన్నారు.

"కొసరు" అన్నాను.

బేరం తెగాక పైన ఇంత వేయించుకోకపోతే నాకు ఆ రోజు అన్నం సయించదు. కరివేపాకు కొన్నా అంతే, కందులు కొన్నా అంతే. వకీలుగారు కారుకు కొసరు ఏమిటని కాసేపు నోరు తెరిచి చూసి, లోపలికి పోయి ఒక పాత రబ్బరు హారను తెచ్చి ఇచ్చారు. అది మోగదు. అయినా తీసుకున్నాను.

కారు ఇంటి ముందుకు వచ్చిన పొద్దు నాయన దాని చుట్టూ తిరిగి చూశాడు. తొట్టి దగ్గర ఎద్దు పళ్లు చూసినట్టు ముందుకొచ్చి దీపాలు తట్టి చూశాడు. తరువాత మమ్మల్నిద్దరినీ పిలిచాడు.

"ఇట్లా చూడండిరా. ఈ బండి ఇద్దరిదీ. ఇద్దరూ తోల్తే ఇంట్లో ఉంటాది. ఒకడు తోలి, ఇంకొకడు పక్కన కూర్చుని మూతి ముడిచినాడంటే, ఆ పొద్దే అమ్మేస్తా. అన్నదమ్ములు ఏరుపడేది యాడ మొదులవుతాదనుకుంటా ఉండారు? ఇట్లాంటి సామాన్ల కాడే."

"ఇద్దరమూ తోల్తాము లే నాయనా" అన్నాడు అన్న. నేనూ తల ఊపాను. పత్తి నుంచి గింజలు వేరు చేసే జిన్నింగు ఫ్యాక్టరీ వెనక బయలులో ఒక బస్సు డ్రైవరు మా ఇద్దరికీ కారు తోలడం నేర్పాడు. ఎవరి సంగతి ఎలా ఉన్నా, నాకు ఆ కారు ప్రాణం. పుట్టినప్పటి నుంచి బండిలో అయినా, పెళ్లి పందిరిలో అయినా, అన్న వెనకే నా చోటు. నేను ముందు కూర్చుని, లోకం నాకు ఎదురుగా వచ్చే చోటు అది ఒక్కటే.

ఆ కారు ముందు సీటు రెండు ముక్కలు కాదు, బల్లలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు. దాని కింద చెరొక పక్కన ఇనుప పట్టా ఉంటుంది. డ్రైవరు కుడిచేతి కింద చిన్న పిడి. పిడి పైకెత్తి నడుముతో ఒక్క తోపు తోస్తే సీటు మొత్తం ముందుకో వెనక్కో జరగాలి. అన్న తోలేటప్పుడు బాగా వెనక్కి. నేను తోలేటప్పుడు బాగా ముందుకి. కొన్న రోజుల్లో చక్కగా జరిగేది. చేతికి పిడి, కింద కిరికిరిమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వినడానికే నేను అవసరం లేకపోయినా జరిపేవాణ్ని.

అలా ఊరుకుంటే సరిపోయేది. కానీ సీటు పాతది, కూర్చుంటే అడుగు స్ప్రింగులు గుచ్చుకునేవి. పైగా నా కళ్లు స్టీరింగు చక్రం పైఅంచుకు సరిగ్గా నిలిచేవి. దోవ సగం కనిపించేది, సగం ఊహించుకోవాలి. అందుకని రైలు గేటు దగ్గర పరుపులు కుట్టే సాయబుగారి దగ్గరికి పట్టుకుపోయాను. ఊళ్లో అందరూ ఆయన్ను బాయ్ అనే పిలిచేవాళ్లు. కొత్త గుడ్డ, కొత్త దూది, కుట్టుకూలి అంతా మాట్లాడుకున్నాం. ఆయన దూది ఏకి నింపడం పూర్తి చేసి సూది దారం చేతికి తీసుకునే సమయానికి నేను పక్కన కూర్చున్నాను.

"బాయ్, కొసరు?"

ఆయన నవ్వాడు. "పరుపుకు కొసరు ఏమిటి సామీ? ఇదేమన్నా వంకాయలా?" అన్నాడు అరవంలో.

"ఇంకొంచెం దూది పెట్టు. నీదేం పోయింది? జిన్నింగు ఫ్యాక్టరీలో ఊడ్చి పారేసేదే కదా."

ఆయన ఒక గుప్పెడు పెట్టాడు. నేను కదల్లేదు. ఇంకో గుప్పెడు పెట్టాడు. "చెయ్యి చిన్నదిగా ఉందే" అన్నాను. ఆయనకు రోషం వచ్చింది. రెండు చేతులా ఎత్తి ఎత్తి కూరాడు, కట్టెతో పొడిచి పొడిచి కూరాడు. "చాలా? ఇంకా కావాలా?" అన్నాడు. "ఆ మూల కొంచెం" అన్నాను. సీటు పెళ్లికొడుకు కూర్చునే దిండులాగా నిలబడింది. ఎక్కి కూర్చుంటే జానెడు పైకి లేచాను. దోవ మొత్తం కనిపించింది. దోవలో ఉన్నవాళ్లకు నేనూ కనిపించాను. ఆ సాయంత్రం పనేమీ లేకపోయినా బజారు వీధిలో అటొకసారి ఇటొకసారి పోయివచ్చాను.

కొన్నాళ్లకు అన్న పుదూరు వైపు పోయి, కారుకు నల్లమన్ను పట్టించుకుని వచ్చాడు. మరునాడు పొద్దున విరుదునగరం పోవాలని నేను ఎక్కి, పిడి ఎత్తి, నడుముతో తోశాను. కుడి పక్క కొంచెం కదిలింది. ఎడమ పక్క కదల్లేదు. సీటు మెడ తిప్పిన ఎద్దులాగా వంకరగా నిలిచింది. ఇంకోసారి తోశాను. కుడి పక్క కూడా ఆగిపోయింది. దిగి, బయట నుంచి తోశాను. తలుపుకు కాలు తన్నిపెట్టి లాగాను. చివరకు కుడి పక్క ముందుకు వచ్చిన ఆ కొంచెం కూడా వెనక్కి పోయి, సీటు, సరిగ్గా అన్న కూర్చునే చోట బిగుసుకుంది. నా కాలి బొటనవేళ్లు మాత్రమే క్లచ్చికి అందాయి.

"అన్నా, సీటు జరగలేదు" అన్నాను.

ఆయన వచ్చి కూర్చుని కాళ్లు చాపాడు. "నాకు శరిగానే ఉండాదే."

"నీకు శరిగా ఉండేదే గదా నా కష్టము!"

"అయితే నువ్వు కొంచెం పెరగరా తంబీ. ఇంత అన్నం తింటివే, అంతా యాడ పోయె?"

అంగట్లో మూటలు మోసేవాళ్లు నవ్వారు. ఆ రోజు అన్నే నన్ను విరుదునగరం తీసుకుపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. మూతి ముడుచుకున్నానేమో నాకు తెలియదు. మండీలో ఒకాయన "ఏం, డ్రైవరును పెట్టుకున్నారా?" అని అన్నను చూపించి అడిగితే కాస్త ప్రాణం లేచి వచ్చింది. అన్న ఆ మాట విన్నాడు. వచ్చేటప్పుడు దోవలో ఉన్న గుంటలన్నిటిలోనూ నా పక్క చక్రాన్నే దించాడు.

నాయనకు తెలియకుండా దాచాలని నేను వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని తోలడం మొదలుపెట్టాను. కాళ్లు అందాయి. కానీ బ్రేకు గట్టిగా తొక్కిన ప్రతిసారీ వెనకాల దిండ్లు పైకి లేచేవి, నేను కిందికి జారేవాణ్ని. ఒకనాడు నాయన వెనక సీట్లో ఉన్నాడు. రైలు గేటు వేసి ఉండడం చూసి బ్రేకు తొక్కాను. ఒక దిండు నా తలమీదికి వచ్చింది, నేను స్టీరింగు కిందికి పోయాను.

రైలు పోయింది, గేటు తీశారు, వెనక బండ్లవాళ్లు అరుస్తున్నారు. అప్పుడు అన్నాడు నాయన.

"ఏమిరా ఇది, బాలింత కూర్చున్నట్టు? నడుముకొక దిండు, వీపుకొక దిండు. పక్కన కాయం ముద్ద కూడా పెట్టుకోరాదా?"

"సీటు జరగలేదు నాయనా. బాగు చేపిస్తా."

"పంగుని నెల పుడితే సీజను. ఆ లోపల నువ్వు దిండు లేకుండా తోలి చూపించల్ల. లేదంటే అరుప్పుకోట్టై బస్సాయన అడగతానే ఉండాడు. ఇచ్చేస్తా."

అరుప్పుకోట్టైలో బస్సులు నడిపే ఆ ఆసామికి మా కారు ఇంజను మీద కన్ను. నెయ్యి గిన్నె చుట్టూ పిల్లి తిరిగినట్టు నెలకోసారి వచ్చి మా కారు చుట్టూ తిరిగేవాడు.

నేను నూనె అంగడివాణ్ని. బిగుసుకున్న దానికి మందు నా ఇంట్లోనే ఉందనుకున్నాను. మొదట నువ్వుల నూనె పోశాను. చాలా బాగా జరిగింది. ఆ సంతోషంలో ఇంకొంచెం పోశాను. రెండో పొద్దుకు నల్లమన్ను, నూనె కలిసి పట్టాల్లో ముద్ద కట్టింది. నువ్వుల నూనె పలచన, అందుకే నిలవలేదు అనుకుని ఆముదం పోశాను. ఆముదం నిలిచింది. ఎంత బాగా నిలిచిందంటే, సీటును కూడా నిలబెట్టేసింది. ఎండకు అది పాకం పట్టి, వేలు పెడితే తీగ సాగింది. కారు లోపల కూర్చుంటే కడుపు శుద్ధి చేసే వాసన. వదిన ఒకసారి ఎక్కి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దిగిపోయింది.

"నూనె నీదే గదా అని కుండతో పోస్తివేమి" అన్నాడు అన్న. ఆయన పంచెకు ఆముదం మరక. తరువాత ఆయన తన వైద్యం చేశాడు. చెప్పులు విప్పి, వెనక సీట్లో కూర్చుని, రెండు కాళ్లతో ముందు సీటు వీపుకు ఒక్క తన్ను తన్నాడు. కొత్త గుడ్డ చిరిగింది.

ఇక లాభం లేదని అన్న చేతే తోలించుకుని విరుదునగరం పోయాను. సాత్తూరు రోడ్డు మొదట్లో, బండిచక్రాలకు పట్టాలు వేసే కమ్మరి కొట్టం ఉండేది. ఆయన ఆ మధ్య లారీ పనులు కూడా పట్టుకున్నాడు. కింద దూరి చూసి, "కుడి పట్టా వంగింది. సీటు ఊడదీసి, సాపు చేసి బిగించాలి. ఊడదీసేదానికి వేరే కూలి" అన్నాడు.

ఇప్పుడు తలుచుకున్నా నా తల నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. "ఊడదీసేది ఎందుకు? కింద నుంచే రెండు దెబ్బలు వేస్తే పోదా?" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను కొట్టం బయట నిలబడి, వేరే కమ్మరి దగ్గరికి పోతానన్నట్టు రోడ్డు ఆ చివరా ఈ చివరా చూశాను. ఇది మా వాళ్ల పాత విద్య. ఆయన విసుగుపడి, సుత్తి తీసుకుని కింద దూరి, కుడి పట్టాకు సాపు దెబ్బలు వేశాడు. నిజంగానే కుడి పక్క కాస్త వదులైంది. ఆయన బయటికి వచ్చి చెయ్యి తుడుచుకుంటున్నాడు.

"సరే. కొసరుగా ఆ ఎడమ పట్టాకు కూడా రెండు వెయ్యి" అన్నాను.

"అది బాగానే ఉంది సామీ."

"బాగుంటే ఇంకా బాగవుతుంది. నీ చెయ్యి ఏమన్నా అరుగుతుందా?"

ఆయన నన్ను చూశాడు, అన్నను చూశాడు. అన్న ఆకాశం వైపు చూశాడు. కమ్మరి మళ్లీ కింద దూరి, నేను అడిగినట్టే ఎడమ పట్టాకు రెండు దెబ్బలు వేశాడు. చాలా గట్టి దెబ్బలు. ఎవరికో తగలాల్సినవి.

అంతవరకూ ఎడమ పక్క బిగుసుకుని మాత్రమే ఉండేది. అప్పటి నుంచి వంగి బిగుసుకుంది.

"దుడ్లిచ్చి వంకర చేపిచ్చుకొంటివి కదరా" అన్నాడు అన్న, ఊరు దాటాక. "కొసరు కొసరు అని నువ్వు యముడి కాడ కూడా ఇంకొక చావు అడుగుతావు."

మార్చిలో పుట్టే ఆ పంగుని నెల దగ్గర పడింది. అరుప్పుకోట్టై బస్సు ఆసామి ఒక పొద్దు వచ్చి, నాయనతో అంగట్లో కూర్చుని మజ్జిగ తాగి, లేచి వచ్చి కారు ముందు మూత తెరిపించాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన సీటును కనీసం చూడలేదు. "సీటు పోతే పోనీ, దాన్ని ఊడబెరికి పారేస్తాం. మాకు ఇంజనే కావాలి" అన్నాడు. నేను ఇంతకాలం నూనె పోసి, దండం పెట్టి, బతిమాలిన సీటును ఆయన పారేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన పోగానే అంగట్లో నుంచి మరలు విప్పే పట్టుకారు తీసుకుని కారు దగ్గరికి పోయాను.

కూలి మిగలాలని ఇన్నాళ్లూ ఊడదీయించలేదు. ఇప్పుడు ఎండలో చెమటలు కారుతూ, ఆముదం పాకంలో మోచేతులు ముంచుకుని, నేనే ఊడదీశాను. నాలుగు మరల్లో మూడు వచ్చాయి. నాలుగోది తిరిగింది గానీ బయటికి రాలేదు. తిప్పి తిప్పి నా అరచేయి బొబ్బ కట్టింది. అన్న అంగట్లో నుంచి చూసి చూసి, ఇక తట్టుకోలేక వచ్చి, నన్ను పక్కకు నెట్టి, ఒక్క పెరుకు పెరికాడు. ఇద్దరం కలిసి సీటును ఎత్తి వసారాలో బోర్లా వేశాం.

సీటు అడుగున కుట్టిన గోనెగుడ్డ చూలు మేక కడుపులాగా కిందికి వేలాడుతున్నది. ఎడమ పక్క ఆ కడుపు పట్టా మీద రాసుకుని రాసుకుని చిరిగి, దూది బయటికి వచ్చింది. బయటికి వచ్చిన దూదిని సీటు జరిగినప్పుడల్లా పట్టా లోపలికి లాక్కుంది. లాక్కున్న దూదికి నేను నువ్వుల నూనె పోశాను, ఆముదం పోశాను. పట్టా పొడుగునా నల్లటి వత్తి తయారైంది. అగ్గిపుల్ల గీస్తే చాలు, దీపం వెలిగేది.

చెయ్యి ఊరుకోదు. ఆ ముద్దలో నూనె అంటని దూదిని ఒక చిటికెడు తీసి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి సాగదీసి చూశాను. పత్తి చూసేవాళ్లం ఎవరమైనా అలాగే చూస్తాం.

"ఏమి, దర చెప్తావా?" అన్నాడు అన్న.

"కరుంగణ్ణి పత్తి. పొట్టి పోగు. ఊడ్చిన దూది. బాయ్ పెట్టింది."

"ఎంత పెట్టమంటివి?"

"బాయ్ ఇచ్చినంత."

"నువ్వు అడిగినంత అని చెప్పరా!" ఆయన సీటు కడుపును కాలితో తట్టాడు. "జరగక ఏమి చేస్తాది? కడుపుతో ఉండేదాన్ని నువ్వు తోస్తివి, నేను తంతిని."

సాయబుగారి దగ్గరికి ఇద్దరం కలిసి మోసుకుపోయాం. పొడుగాయన ఒక పక్క, పొట్టివాడు ఒక పక్క పట్టుకుంటే సీటు బరువంతా నా మీదికే వచ్చింది. సాయబుగారు మమ్మల్ని దూరం నుంచే చూశాడు.

"ఏం సామీ, ఇంకొంచెం కావాలా?"

"తియ్యాలి" అన్నాను.

నా నోట అంతవరకు రాని మాట అది. ఇచ్చింది ఎక్కువైంది, తీసుకో అని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

"పెట్టింది కొసరు. తీసేది పని. దానికి కూలి అవుతుంది" అన్నాడు ఆయన.

"ఊరికే పెట్టినదాన్ని ఊరికే తియ్యలేవా?"

"మీరు కూర్చోపెట్టుకుని కూరించారు. కుట్టు విప్పాలి, దూది పెరకాలి, నూనె దూది వేరు చెయ్యాలి, మళ్లీ కుట్టాలి. కొత్తది కుట్టడమే సులువు."

నేను నా పాత విద్య ఎత్తుకున్నాను. రోడ్డు ఆ చివర చూశాను. ఆ ఊళ్లో ఇంకో పరుపులాయన లేడని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఇంతలో అన్న మొలలో సంచి తీసి, ఆయన అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టాడు. నా కళ్ల ఎదుట, బేరం చెయ్యకుండా. సాయబుగారికే నమ్మకం కలగక, ఆ దుడ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు నాకు నిజంగానే అన్నం సయించలేదు.

ఎడమ పట్టాను మేమే సాపు చేశాం. మళ్లీ కమ్మరి దగ్గరికి పోయే మొహం నాకు లేదు. నూరే బండ మీద పట్టా పెట్టి, పైన కట్టెముక్క అడ్డం పెట్టి, నేను సుత్తితో కొట్టాను. ఇటువైపు వంగింది అటువైపు వంగింది. తిప్పి కొట్టాం. మొదటికంటే ఎక్కువ వంగింది. "నువ్వు కొట్టద్దు, పట్టుకో" అన్నాడు అన్న. పట్టుకుంటే నా వేలు నలిగింది. "నువ్వు పట్టుకోవద్దు, పో" అన్నాడు. పోలేదు. పొద్దుగూకే దాకా ఇద్దరం ఆ బండ మీద ఒకరినొకరు తిట్టుకుంటూ దాన్ని సాపు చేశాం. పట్టాలను గుడ్డతో తుడిచి, ఇసకతో తోమి, మా అంగడి నూనె ఒక్క చుక్క కూడా వెయ్యకుండా, జిన్నింగు ఫ్యాక్టరీలో చక్రాలకు పూసే గ్రీజు ఒక వేలెడు పూశాం. సీటు బిగించి, పిడి ఎత్తి, చిటికెన వేలితో తోశాను. కిరికిరిమంటూ ముందుకు పోయింది. వెనక్కి తోశాను, పోయింది.

అన్న కూడా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరిపి చూశాడు.

నేను ముందుకు జరుపుకుని కూర్చున్నాను. కాళ్లు నిండుగా అందాయి. క్లచ్చి, బ్రేకు, అన్నీ. తలెత్తి చూశాను. స్టీరింగు చక్రం కనిపించింది. దోవ కనిపించలేదు.

దూది పోయింది, దూదితో పాటు నా జానెడు ఎత్తూ పోయింది. పైగా స్ప్రింగులు అన్న తన్నుకు, నా తోపులకు సాగిపోయి ఇంకాస్త దిగాయి. ముందు సగం దోవ కనిపించేది, ఇప్పుడు అదీ లేదు.

"ఏమిరా, కనిపిస్తాదా?" అన్నాడు అన్న.

"ఎందుకు కనిపించదు?" అన్నాను. చక్రం ఊచల సందులో నుంచి కారు మూత చివర, దాని అవతల కొంచెం ఆకాశం కనిపిస్తున్నాయి. కింద ఒక దిండు వేసుకుంటే సరిపోయేది. కానీ నాయన దిండు వద్దన్నాడు. ఏ దిండు అని ఆయన వివరించలేదు. అడిగితే కారు పోతుందేమోనని నేను అడగలేదు.

మరునాడే నాయన పరీక్ష పెట్టాడు. పోయేటప్పుడు అన్న తోలాలి, వచ్చేటప్పుడు నేను. ఆయన వెనక సీట్లో కూర్చుంటాడు. విరుదునగరం దాకా అన్న హాయిగా కాళ్లు చాపుకుని తోలాడు. మార్కెట్టులో పని చూసుకుని, ఎండ కాస్త దిగాక బయలుదేరాం. నేను ఎక్కి, నాయన చూస్తుండగా పిడి ఎత్తి, సీటు జరిపాను. చక్కగా జరిగింది. నాయన "ఊ" అన్నాడు.

సీటు మొత్తం ఒకటే కాబట్టి, నాతో పాటు పక్కన కూర్చున్న అన్న కూడా ముందుకు వచ్చాడు. ఆయన మోకాళ్లు ఎదురుగా ఉన్న చెక్కకు తగిలి, పైకి లేచి, గడ్డం దగ్గరికి వచ్చాయి.

"నాకు చోటు యాడరా?" అన్నాడు మెల్లగా.

"నీకు శరిగానే ఉండాదే" అన్నాను నేనూ మెల్లగా.

కారు కదిలింది. ఊచల సందులో నుంచి చూస్తూ, దోవ పక్క చెట్ల తలలను బట్టి దోవ ఎటు పోతున్నదో అంచనా వేసుకుంటూ తోలాను. నిటారుగా కూర్చుంటే కాళ్లు వదులవుతాయి, కాళ్లు తొక్కితే తల దిగుతుంది. అన్నకు సంగతి రెండో ఫర్లాంగులోనే అర్థమైపోయింది. ఆయన మోకాళ్ల మధ్య నుంచి నోరు పెద్దగా కదపకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎడమకు... ఎడమకు రా... ఎద్దులబండి... ఇప్పుడు కుడికి... మేకలు, మేకలు!"

"కనిపిస్తా ఉండాయి లే!"

"యాడ కనిపిస్తా ఉండాయి? కండ్లు మూసుకోనుండావా నువ్వు?"

ఎదురుగా వస్తున్న బండివాడు ఒకడు చక్రం వెనక ఎవరూ లేకుండా కారు వస్తున్నదనుకుని, ఎద్దులను పొలంలోకి తోలేసి, చేతులెత్తి అరిచాడు. పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆసామి కారును ఆపకుండా ఊరికే కూర్చున్నాడని ఆయన్ను తిట్టాడు. అన్న ఆ తిట్లన్నీ పడ్డాడు. వెనక నుంచి మాట లేదు. నాయన నిద్రపోయాడేమోనని ఆశపడ్డాను. అద్దంలో చూద్దామంటే అద్దం నాకు అందదు.

సాత్తూరు ఏటి వంతెన వచ్చింది. వంతెనకు చెట్లు ఉండవు. నాకు ఆనవాలు పోయింది. "నేరుగా... నేరుగా... గోడ రా!" అన్నాడు అన్న. నేరుగానే పోయాం. ఎంత నేరుగా పోయామో నాకు తెలియదు. ఎడమ పక్క ఏదో కాసేపు రాసుకున్న చప్పుడైంది.

వంతెన దాటగానే వెనక నుంచి నాయన గొంతు వినిపించింది.

"ఆపరా."

ఆపాను. కారు పోయిందని అనుకున్నాను. బస్సు ఆసామి సీటు ఊడబెరికి పారేయడం కళ్లకు కట్టింది. నాయన దిగి, పంచె సవరించుకుని, రాసుకున్న పక్కకు పోయి చేత్తో తడిమి చూసి, నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయనా పొట్టివాడే. నిలబడిన ఆయన మొహం, కూర్చున్న నా మొహం ఒకే ఎత్తులో ఉన్నాయి.

"సీటు జరిగినాది" అన్నాడు.

"జరిగినాది నాయనా."

"దిండు లేదు."

"లేదు."

"ఇద్దరూ తోలినారు. నేను చెప్పింది చెప్పిందే. బండిని అమ్మేది లేదు, ఉండనీ." భుజం మీది తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తుండు తడిసిపోయి ఉంది. "నన్ను మాత్రము టేషను కాడ దించు. నేను రైల్లో వస్తా."

స్టేషను ముందు ఆయన దిగి, వెనక్కి చూడకుండా టిక్కెట్ల కిటికీ దగ్గరికి పోయాడు. రైలు వచ్చే పొగ అప్పటికే కనిపిస్తున్నది. అన్న తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టాలని చూశాడు. మోకాళ్లు చెక్కకు బిగుసుకుని రాలేదు.

"సీటు వెనక్కి తొయ్యరా తంబీ. నేనూ రైల్లోనే పోతా. బిరీన తొయ్యి."

పిడి నా కుడిచేతి కింద ఉంది. ఎత్తితే చాలు, చిటికెన వేలితో జరుగుతుంది.

"దోవ చెప్పేదానికి ఎవురుండారు నాకు?" అని, ఆయన మోకాళ్ల మీదుగా చెయ్యి చాచి ఆయన పక్క తలుపు వేసి, కారు కదిలించాను.